మ్యాచ్‌కి ముందు వారం

ఉక్కునగరం క్వార్టర్‌లో కాపురం పెట్టి, స్టీల్ ప్లాంట్‌లోనే రిటైరై, ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నవాణ్ణి. సగటులూ స్ట్రయిక్ రేట్లూ నాకు నోటికి రావు. పెద్ద మ్యాచ్ వస్తోందంటే మాత్రం వారం ముందు నుంచే కాలు ఒకచోట నిలవదు. అలాంటి మామూలు అభిమానుల కోసమే ఈ నాలుగు ముక్కలు. నిపుణులు చదవక్కర్లేదు.

1. ముందు వారాన్ని వదులుకోకండి.
మ్యాచ్ రోజు ఆటగాళ్లది, అంపైర్లది, వానది. ముందు వారం పూర్తిగా మనది. టీ కొట్టు దగ్గర పదకొండు మందినీ మనమే ఎంపిక చెయ్యాలి. పేపర్లో ఆటల పేజీ అంచున పెన్నుతో పేర్లు రాయాలి, కొట్టెయ్యాలి, వికెట్ కీపర్ దగ్గర గొడవపడాలి, టీ చల్లారిపోవాలి. సెలెక్టర్లు మన మాట వినరని తెలిసే ఇదంతా చేస్తాం. మన ఆంధ్రా ఎమ్మెస్కే ప్రసాద్ గారు చీఫ్ సెలెక్టర్‌గా ఉన్నప్పుడూ వినలేదు!

2. ఒకరి కోసం వెళ్తాం, ఇంకొకరిని చూసొస్తాం.
విశాఖలో మొదటి వన్డే 1988 డిసెంబర్ 10న, సిటీలోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో, న్యూజిలాండ్‌తో. శ్రీకాంత్ బాదుడు చూద్దామని వెళ్లినవాళ్లకు 70 పరుగులు చూపించాడు, బాగానే ఉంది. కానీ బంతి పుచ్చుకుని 27 పరుగులకే 5 వికెట్లు తీస్తాడని ఎవరనుకున్నారు?

2005 ఏప్రిల్ 5 సంగతి ఇంకా విచిత్రం. పోతినమల్లయ్యపాలెం (పీఎం పాలెం) కొత్త స్టేడియంలో మొదటి వన్డే, ఎదుట పాకిస్తాన్. ఊరంతా సచిన్ జపం. సచిన్ త్వరగానే వెనక్కి వచ్చేశాడు. మూడో స్థానంలో జులపాల జుట్టు కుర్రాడొకడు దిగాడు. అంతకుముందు ఆడిన నాలుగు వన్డేల్లోనూ చెప్పుకోదగ్గ స్కోరు లేదు. ‘వీణ్ణెందుకు పంపారు’ అన్నవాళ్లే గంట తిరక్కుండా పేరేమిటని పక్కవాళ్లను అడిగారు. 123 బంతుల్లో 148. ధోనీ అనే పేరు దేశం మొత్తం నోట నానడం మన ఊళ్లో మొదలైంది. అప్పటి నుంచి టికెట్ ఎవరి పేరు చూసి కొన్నా, పేరు తెలియనివాడు దిగినప్పుడు సమోసాల కోసం లేవకూడదని నా అభిప్రాయం.

3. అక్టోబరు మ్యాచ్‌కి టికెట్ కొంటే తుఫాను సంగతి కూడా చూసుకోండి.
మన తీరానికి అది తుఫాన్ల నెల. 2014 అక్టోబర్ 14న వెస్టిండీస్‌తో వన్డే ఉందనగా, 12న హుద్‌హుద్ వచ్చి పడింది. మ్యాచ్ రద్దయింది. రద్దయిందని బాధపడ్డవాణ్ణి నేనొక్కణ్ణీ చూడలేదు. కరెంటు లేదు, కుళాయి రాదు, పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా క్యూ. అంతకు రెండేళ్ల ముందు, 2012 సెప్టెంబర్‌లో, క్యాన్సర్ నుంచి కోలుకున్న యువరాజ్ మళ్లీ మన ఊళ్లోనే బరిలోకి దిగుతాడని ఎదురుచూశాం. ఒక్క బంతీ పడకుండా వాన మింగేసింది. అది మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఉసూరుమంటుంది.

4. టాస్ దగ్గర టీవీ ముందు ఉండండి.
సముద్రం పక్క ఊరు కదా, చీకటి పడ్డాక మంచు దిగి బంతి తడిసిపోతుంది, స్పిన్నర్‌కి పట్టు దొరకదు. అందుకే టాస్ గెలిచినవాడు చాలాసార్లు ముందు బౌలింగ్ అంటాడు. మనవాళ్లు వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడి, 2025 డిసెంబర్ 6న ఇక్కడికొచ్చారు. రాహుల్ ఈసారి ఎడమచేత్తో నాణెం ఎగరేశాడు. గెలిచాడు! జైస్వాల్ సెంచరీతో 9 వికెట్ల తేడాతో మ్యాచ్ కూడా గెలిచాం. ఎడమచెయ్యి మహిమ అని మా వీధిలో ఇంకా వాదించేవాళ్లున్నారు.

5. ఇంటికెళ్లే టైమ్ ముందే చెప్పకండి.
2023 మార్చిలో ఆస్ట్రేలియా మీద 117కే ఆలౌటయ్యాం. వాళ్లు వికెట్ పోకుండా 11 ఓవర్లలో కొట్టేసి వెళ్లిపోయారు. డే అండ్ నైట్ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు పొద్దు ఉండగానే కార్‌షెడ్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డారు. 2018లోనేమో కోహ్లీ 157 కొట్టి 10,000 పరుగులు దాటాక, ఇక మనదే అనుకుని ట్రాఫిక్ తప్పించుకుందామని ముందే లేచినవాళ్లున్నారు. చివరి బంతికి షై హోప్ ఫోర్ కొట్టి టై చేశాడు. ఉక్కునగరం నుంచి పీఎం పాలెం ముప్పై కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్లి చివరి ఓవర్ వదిలేయడం నాకు మింగుడుపడదు.

6. అమ్మాయిల మ్యాచ్‌కి వెళ్లండి.
2025 ప్రపంచకప్‌లో మనవాళ్లు ఇక్కడ ఆడిన రెండూ ఓడారు. దక్షిణాఫ్రికా మీద రిచా ఘోష్ 94 కొట్టినా దక్కలేదు. అక్టోబర్ 12న ఆస్ట్రేలియా ముందు 330 పెడితే, హీలీ 142తో దాన్నీ దాటించేసింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. ఆ రోజే స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు స్టాండ్లకు పెట్టారు. పేర్లు పెట్టిన రోజే ఓటమా అని గొణుక్కుంటూ వచ్చినవాళ్లం, 30న సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా మీద 339 లక్ష్యాన్ని కొట్టి ఆ రికార్డును చెరిపేస్తే టీవీలో చూశాం. నవంబర్ 2న కప్పు మనదైంది. కడప అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది.

7. గాజువాక వాళ్ల మ్యాచ్ అయితే లాజిక్ వద్దు.
ముందు వేణుగోపాలరావు, ఇప్పుడు నితీశ్. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో నితీశ్ 99 దగ్గరుండగా బుమ్రా అవుటయ్యాడు. కమిన్స్ బంతులు మూడు మిగిలాయి, ఆడాల్సింది సిరాజ్. ఆ మూడు బంతులకు మా వీధిలో మిక్సీ కూడా ఆగింది.

8. షిఫ్ట్ మార్చుకునే మనిషిని సంపాదించుకోండి.
గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, ఈ మూడు బ్లాస్ట్ ఫర్నేసులకూ ఫైనల్ అంటే తెలీదు. ఎవరో ఒకరు ఉండాల్సిందే. 2003 మార్చి 23న జోహన్నెస్‌బర్గ్ ఫైనల్ మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలు, బీ షిఫ్ట్ రెండింటికి. జహీర్ మొదటి ఓవర్‌లో 15 పరుగులు పోయేసరికి బీ షిఫ్ట్ వాళ్లు గేటు దగ్గరున్నారు. తర్వాత పాంటింగ్ 140 బాదాడు కాబట్టి, పనికెళ్లినవాళ్లే అదృష్టవంతులేమో! పైగా ఆ పాంటింగ్ రెండేళ్ల ముందు మన ఊళ్లోనే 101 కొట్టిపోయాడు.

2027 అక్టోబర్, నవంబర్‌లో ప్రపంచకప్ మళ్లీ అటే: దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియా. అక్కడ పొద్దున్న పదింటికి ఆట మొదలైతే మళ్లీ అదే ఒంటిగంటన్నర, అదే బీ షిఫ్ట్. ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ క్రికెట్ అంటే గిట్టని మనిషి ఒకడుంటాడు. అతన్ని ఇప్పుడే వెతికి పట్టుకోండి. సంక్రాంతికి అరిసెలు పంపండి. వాళ్లింట్లో పెళ్లంటే అడక్కుండానే అతని సీ షిఫ్ట్ మీరు చెయ్యండి. ఫైనల్ ముందు రోజు వెళ్లి అడిగితే పని జరగదు.