ఇరుసుకు కాపలా కాసే రబ్బరు పెదవి

విద్యార్థులారా! కోసిగి చుట్టుపక్కల నల్లరేగడి దారుల్లో ఎద్దుబండిని చూసే ఉంటారు. దాని ఇరుసుకు రైతు కందెన పూస్తాడు. అది నాలుగు చుక్కలు నేలమీద రాలినా నష్టం లేదు, మళ్ళీ పూసుకుంటాడు. మరి జనాన్ని ఎక్కించుకుని కోసిగి నుంచి ఆదోనికి బయలుదేరిన జీపు వెనుక ఇరుసు నుంచి ఆయిలు కారితే? బండి ఆగవలసిన చోట ఆగకపోవచ్చు! ఎందుకో చూద్దాం.

జీపు వెనుక ఇరుసు ఒక ఉక్కు గొట్టం లోపల తిరుగుతుంది. గొట్టం నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. ఆ పళ్ళు అరిగిపోకుండా అందులో గేరు ఆయిలు పోస్తారు. బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ ఆయిలు గొట్టం చివరిదాకా పారుతుంది. ఆ చివరనే బ్రేకు డ్రమ్ము ఉంది. బ్రేకు పనిచేసేది ఘర్షణ వల్ల. ఆయిలు చేసే పని ఘర్షణను తగ్గించడం. ఈ రెండూ కలవకుండా మధ్యలో నిలిచే చిన్న వలయమే ఆయిల్ సీలు.

పాత సీలు దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. బయట లోహపు రింగు, లోపల పలుచని రబ్బరు అంచు. ఈ అంచునే పెదవి అంటారు. దాని చుట్టూ సన్నని స్ప్రింగు ఉంటుంది. అది పెదవిని ఇరుసుకు అదిమి పట్టుకుంటుంది. పూర్వం ఈ పెదవిని తోలుతో చేసేవారు. జర్మనీలో తోళ్ళు శుద్ధిచేసే ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1930ల దశకంలో మొదట తోలుతోనూ, తరువాత కృత్రిమ రబ్బరుతోనూ ఇలాంటి సీళ్ళను తయారుచేసింది.

సీలును ఏ వైపు తిప్పి పెట్టాలి? దీనికి జవాబు మీ సైకిలు పంపులో ఉంది. అందులోని గిన్నెలాంటి వాషరు నోరు గాలి వైపు ఉంటుంది. పిడిని నొక్కినప్పుడు గాలి పీడనమే దాని అంచును గొట్టానికి అదుముతుంది. తిరగేసి బిగిస్తే గాలి పక్కనుంచి జారిపోతుంది. సీలు సంగతీ అంతే. స్ప్రింగు ఉన్న పెదవి ఆయిలు వైపు, అంటే లోపలికి ఉండాలి.

ఇంటి దగ్గర సీలు మార్చేటప్పుడు పని తెలిసిన పెద్దవారు చేయాలి. మీరు పక్కనుండి సాయపడండి. బండిని చదునైన నేలమీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. జాకీతో లేపాక గట్టి స్టాండ్లమీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరరాదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. కాబట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇరుసును బయటికి తీసే పద్ధతి బండిని బట్టి మారుతుంది. తీశాక సీలు ఆనే చోట గోటితో రాసి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట. మెత్తని రబ్బరు గట్టి ఉక్కును ఎలా అరగదీసింది? రబ్బరులో ఇరుక్కున్న ఇసుక రేణువులు ఆకురాయిలా పనిచేశాయి. ఇరుసుకు గాడి పడితే కొత్త సీలు పెట్టినా కారుతుంది.

సీలు కూర్చునే చోటును శుభ్రంగా తుడవాలి. పెదవికి కాస్త గ్రీజు రాయాలి. సీలును వంకర లేకుండా ఆనించి, దాని బయటి అంచుకు సరిపోయే గొట్టపు ముక్కతో చుట్టూ సమానంగా తట్టాలి. ఇరుసును తిరిగి దూర్చేటప్పుడు దాని బరువు పెదవిమీద పడనీయరాదు. చివరనున్న పళ్ళు తగిలితే పెదవి చిరుగుతుంది. ఆయిలులో తడిసిన లైనింగులను కూడా మార్చాలి.

ఇంకొక్కటి మిగిలింది. ఇరుసు గొట్టంమీద గాలి పోయేందుకు బ్రీదరు అనే చిన్న రంధ్రం ఉంటుంది. మన దారుల దుమ్ముతో అది పూడిపోయిందనుకోండి. ఘనపరిమాణం మారని వాయువు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. ఉదయం 27 డిగ్రీల సెంటీగ్రేడు అంటే 300 కెల్విన్లు. పరుగు తీశాక 77 డిగ్రీలైతే 350 కెల్విన్లు. లోపలి పీడనం ఆరో వంతు పెరిగింది! చదరపు సెంటీమీటరుకు సుమారు 170 గ్రాముల బరువు ఆనించినట్టు. ఆ ఒత్తిడికి ఆయిలు సీలును దాటి బయటికి వస్తుంది. సీలు మార్చినా మళ్ళీ కారిందంటే కారణం ఇదే కావచ్చు. కాబట్టి కొత్త సీలు బిగించే రోజునే బ్రీదరును కూడా శుభ్రం చేయాలి. చివరగా ఆయిలును చెప్పిన మట్టం వరకే నింపి, రద్దీ లేని చోట మెల్లగా నడిపి బ్రేకు పరీక్షించాలి.

ఈ సెలవుల్లో పాత సైకిలు పంపు విప్పి, వాషరును తిరగేసి బిగించి గాలి కొట్టి చూడండి. పెదవి ఎటు చూడాలో ఇక ఎప్పటికీ మరచిపోరు.