విస్తరణ కరపత్రాలలో అంచు గీతలు, నేపథ్య ఛాయ

మందు మోతాదు, పిచికారీ జాగ్రత్తలు తెలిపే పేరా మిగిలిన పాఠ్యంలో కలిసిపోకుండా దాని చుట్టూ పెట్టె గీయడం, వెనుక ఛాయ వేయడం కరపత్రాలలో పరిపాటి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఆ పేరాను ఎంపిక చేసి, హోమ్ ట్యాబ్‌లోని బోర్డర్స్ బాణం గుర్తును నొక్కి, జాబితా చివర గల 'బోర్డర్స్ అండ్ షేడింగ్' తెరవాలి. 'అప్లై టు' వద్ద 'పేరాగ్రాఫ్' ఉంటే పేరా మొత్తానికి ఒకే పెట్టె వస్తుంది. 'టెక్స్ట్' ఉంటే ప్రతి పంక్తికీ విడిగా గీతలు పడతాయి. వరుస పేరాల ఇండెంట్లు సమానంగా లేనిచో పెట్టె ముక్కలవుతుంది. రూలర్‌పై వాటిని సరిచేస్తే తిరిగి ఒకటవుతుంది.

ఛాయ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెరపై అందంగా కనిపించే ముదురు బూడిద రంగు జిరాక్సు ప్రతిలో ఇంకా నల్లబడి వత్తులను, గుడి దీర్ఘాలను మింగివేస్తుంది. లీటరుకు 2.5 మి.లీ. అన్నచోట దశాంశ బిందువు కనబడకపోతే రైతు 25 మి.లీ. అని చదివే ప్రమాదం ఉంది. 'స్టైల్' కింద గల నమూనాలు చుక్కలుగా అచ్చుపడవచ్చు గనుక వాటిని విడిచి, 'ఫిల్'లో అతి లేత బూడిద రంగును ఎంచుకోవాలి. ఛాయ లేకుండా గీత మాత్రమే ఉంచడం ఇంకా మేలు.

రంగుకు అర్థం కూడా ఉంది. మన దేశంలో పురుగుమందుల లేబుళ్లపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ వరుసలోనే తగ్గుతున్న విష తీవ్రతను సూచిస్తాయి. ఎరుపు త్రికోణం గల మందు వివరాలను ఆకుపచ్చ ఛాయలో అచ్చువేయడం, పొరపాటున చేసినా, తప్పుడు సమాచారమే.

పుట చుట్టూ గీసే గీత కేవలం అలంకారం. వేయదలిస్తే 'ఆప్షన్స్'లో దూరాన్ని పుట అంచు నుండి గాక పాఠ్యం నుండి కొలిచేలా మార్చాలి; లేనిచో కొన్ని ప్రింటర్లలో అడుగు గీత అచ్చుకాదు.