అమ్మ పేరున విరాళం

ప్రశ్న: అమ్మ జ్ఞాపకార్థం మా ఊళ్లోని మహిళా వసతి గృహానికి 50,000 రూపాయలు ఇద్దామనుకుంటున్నాను. మా కంపెనీ చేత కూడా ఇప్పించవచ్చా?

జవాబు: ఇప్పించవచ్చు. కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టదగిన పనుల జాబితా 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో మహిళల వసతి గృహాల ప్రస్తావన స్పష్టంగానే ఉంది. గడిచిన ఏడాది నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చుపెట్టాలి. అయితే వసతి గృహం నడిపే సంస్థ ముందుగా సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. చిన్న సంస్థలకు అడ్డం పడేది ఇదే. ఆ కాగితాల పనిలో మీరు చేయి వేయండి.

మీ సొమ్ము చెక్కుగానో యూపీఐలోనో ఇవ్వండి. నగదు 2,000 దాటితే విరాళంపై ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఆ మినహాయింపైనా పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

ఇచ్చేముందు వెళ్లి వార్డెన్‌తో మాట్లాడండి. చీరలూ దుప్పట్లూ ఇచ్చేవాళ్లుంటారు. కరెంటు బిల్లుకూ ఆయా జీతానికీ ఇచ్చేవాళ్లే అరుదు. దయచేసి షరతు పెట్టకుండా ఇవ్వండి.