మన చెరువులకు రాని బాతులు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వాళ్ళమైన మనకు బాతు అంటే చెరువులో ఈదే పక్షి. కానీ సముద్రంలో, మంచుగడ్డల మధ్య బతికే రంగురంగుల బాతులు కూడా ఉన్నాయి. వాటిని గురించి మేము చదివి తెలుసుకున్న సంగతులు ఇక్కడ చెబుతున్నాము.

ముందుగా ఒక ప్రశ్న. చలికాలంలో సూదితోక బాతులు, చెంచామూతి బాతులు ఉత్తరాది చలిదేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మన రాష్ట్రంలోని చెరువులకు, పులికాట్ సరస్సుకు వస్తాయి. మరి అదే ఉత్తరాన ఉండే సముద్రపు బాతులు ఎందుకు రావు?

జవాబు తిండిలో ఉంది. సూదితోక బాతు లోతు తక్కువ నీళ్ళలో తల ముంచి గింజలు, పురుగులు తింటుంది. చెరువు గడ్డకడితే దానికి తిండి లేదు. అందుకే దక్షిణానికి వలస వస్తుంది. సముద్రపు ఉప్పునీరు మంచినీటి అంత త్వరగా గడ్డకట్టదు. ఐడర్ బాతు ఆ నీళ్ళలో అడుగుదాకా మునిగి, ఆల్చిప్పలను పెంకులతో సహా మింగుతుంది. దాని కందనకాయ ఆ పెంకులను పిండి చేస్తుంది. ఒంట్లో చేరిన అదనపు ఉప్పును కళ్ళపైనున్న గ్రంథులు వేరుచేసి ముక్కు రంధ్రాల ద్వారా బయటికి పంపుతాయి. తిండి అక్కడే దొరుకుతుంటే ఇంతదూరం రావలసిన పనేముంది?

ఇక రంగుల సంగతి. కింగ్ ఐడర్ మగబాతుకు నీలి తల, ఆకుపచ్చ చెంపలు, ఎర్రటి ముక్కు, నుదుట నారింజరంగు బుడిపె ఉంటాయి. హార్లెక్విన్ మగబాతు నీలిబూడిద రంగు ఒంటిమీద తెల్లని చారలతో బొమ్మలా ఉంటుంది. ఆడబాతులు మాత్రం గోధుమరంగులో ఉంటాయి. గుడ్లు పొదిగేటప్పుడు శత్రువుల కంట పడకుండా ఆ రంగే కాపాడుతుంది.

తల్లి ఐడర్ తన రొమ్ము నుంచి రాలే మెత్తని నూగు ఈకలను గూటిలో పరిచి, సుమారు 25 రోజులు దాదాపు తిండి మాని పొదుగుతుంది. ఐస్‌లాండ్ ప్రజలు ఆ నూగును ఏరి దుప్పట్లలో నింపుతారు. ఒక కిలో నూగుకు సుమారు 60 గూళ్ళు కావాలి. పక్షి బతికి ఉంటేనే నూగు దొరుకుతుంది కనుక అక్కడ 1847 నుంచే ఐడర్ వేటను నిషేధించారు.

అన్ని బాతులకూ ఆ అదృష్టం దక్కలేదు. ఉత్తర అమెరికా తీరంలో ఉండిన లాబ్రడార్ బాతు అంతరించిపోయింది. 1875 తర్వాత దాని నమూనా ఒక్కటీ దొరకలేదు. అది ఎక్కడ గూడు పెట్టేదో సరిగా తెలుసుకునే లోపే పోయింది. కళ్ళజోడు పెట్టుకున్నట్లు కనిపించే మరో ఐడర్ చలికాలంలో ఎక్కడికి పోతుందో 1995 దాకా ఎవరికీ తెలియదు. ఉపగ్రహాల సాయంతో వెతికితే బేరింగ్ సముద్రంలో మంచు పగుళ్ళ మధ్య గుంపులుగా కనిపించాయి.

మన జిల్లాకూ ఇలాంటి కథ ఉంది. 1900 తర్వాత కనిపించక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలోనే మళ్ళీ దొరికింది.

కాబట్టి మిత్రులారా! పక్షిని కాపాడాలంటే ముందు దానిని గుర్తుపట్టాలి. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు చెరువులోనో, పెన్నలోనో, మైలవరం జలాశయంలోనో కొత్త బాతు కనిపిస్తే రాయి విసరవద్దు. దాని రంగు, ముక్కు, తోక, చూసిన తేదీ నోటుపుస్తకంలో రాసుకోండి. వలస బాతులను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని తెలియనివారికి చెప్పండి. అంతదూరం నుంచి వచ్చిన అతిథిని క్షేమంగా సాగనంపడం మన ధర్మం.