మిగ్నొనెట్ కేసు: నీతి సిద్ధాంతాలకు గీటురాయి

యూపీఎస్సీ మెయిన్స్ జీఎస్-4కు సిద్ధమయ్యేవారు ఫలితవాదం, కర్తవ్యవాదం, సద్గుణవాదం నిర్వచనాలు కంఠస్థం చేస్తారు. వాటి మధ్య అసలు తేడా తెలియాలంటే ఒక కేసు మీద పెట్టి చూడాలి. 1884లో ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి బయల్దేరిన మిగ్నొనెట్ అనే యాట్ అట్లాంటిక్‌లో మునిగింది. నలుగురు చిన్న పడవలోకి చేరారు. తిండి రెండు డబ్బాల టర్నిప్ దుంపలు, మధ్యలో దొరికిన ఒక తాబేలు, మంచినీళ్లు లేవు. సుమారు 20 రోజులకు కెప్టెన్ డడ్లీ, పడవలోని మరో నావికుడు స్టీఫెన్స్ సమ్మతితో, జబ్బుపడిన 17 ఏళ్ల రిచర్డ్ పార్కర్‌ను చంపాడు. ఆ మాంసంతో ముగ్గురు బతికారు.

ఫలితవాది బెంథామ్ లెక్కలో ఒక ప్రాణానికి మూడు ప్రాణాలు దక్కాయి. కానీ చీటీలు వేయలేదు, పార్కర్‌ను అడగలేదు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని 1785లో కర్తవ్యవాది కాంట్ రాసింది సరిగ్గా ఇలాంటి తప్పు గురించే. బలహీనుణ్ని చంపవచ్చనే నియమం సమాజానికే చేటు కాబట్టి తామూ దీన్ని ఖండిస్తామని నియమ ఫలితవాదులు అంటారు. అలాగైతే అన్యాయం సమాజానికి జరిగినట్టే తప్ప పార్కర్‌కు జరిగినట్టు కాదు. ఆ వాదన నాకు సరిపోదు.

కాంట్ మాట వింటే నలుగురూ చచ్చేవారు కదా అన్న ఆక్షేపణ బలమైనదే. అయినా ఆకలికి చనిపోవడం వేరు, తోటివాడు గొంతు కోయడం వేరు. అవసరం హత్యను సమర్థించదని కోర్టు తేల్చి మరణశిక్ష వేసింది; తర్వాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు. పని తప్పా అన్నది ఒక ప్రశ్న, చేసినవారిని ఎంత నిందించాలన్నది మరొకటి. మనిషి ఓర్చుకోలేని ఒత్తిడిలో చేసినదాన్ని క్షమించవచ్చన్న సద్గుణవాది అరిస్టాటిల్ ఆలోచన ఈ రెండో ప్రశ్నకే జవాబిస్తుంది.