మాత్ర పంచారా, మింగారా? ఆ తేడా చూసేదీ ఉద్యోగమే

కోరుట్లలోనైనా సిరిసిల్లలోనైనా బైపీసీ పిల్లలకు ఇంట్లో చూపించే దారి ఒక్కటే: నీట్. రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్, అప్పటికీ రాకపోతే ఇంకో లాంగ్‌టర్మ్. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ‘సీటు మన ఊళ్లోనే ఉందిగా’ అనే మాట ఒకటి తోడైంది. కాలేజీ ఊళ్లోకి వచ్చినంత మాత్రాన ర్యాంకు ఇంట్లోకి రాదు. రెండుసార్లు రాసి అలసిపోయిన పిల్లను మూడోసారి హాస్టల్లో పడేయడం చదివించడం కాదు, శిక్షించడం.

ఆరోగ్య రంగమంటే డాక్టరే అనుకోవడంతోనే వస్తోంది చిక్కు. బోదకాలు సంగతి చూడండి. దోమకాటుతో వచ్చే ఈ జబ్బు పాత కరీంనగర్ జిల్లాకు కొత్తది కాదు. దీన్ని ఆపాలంటే జబ్బు కనిపించనివాళ్లు కూడా డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగాలి. పరగడుపున వేసుకోవద్దంటారు. ‘తిన్నంక వేసుకుంట తియ్’ అని తీసుకుని గూట్లో పెట్టేవాళ్లుంటారు. రిజిస్టర్లో మాత్రం ఇచ్చినట్టే పడుతుంది. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. పంచిన లెక్కతో ఆ గీత దాటామని చెప్పుకుంటే దోమ ఒప్పుకోదు.

ఈ తేడా పట్టుకునే పనినే మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ అంటారు. దీని ప్లాన్ మాత్రల పంపిణీ మొదలుకాకముందే రాయాలి. పోయినసారి ఎందరు మింగలేదు, ఎందుకు మింగలేదు: భయమా, బద్ధకమా, ఇంట్లో లేకపోవడమా? ఏ వార్డు వెనకబడిందో రోజూ సాయంత్రానికి తెలియాలి. పంపిణీ అయ్యాక, పంచినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చీటీ తీసినట్టు ఎంచిన ఇళ్లకు వెళ్లి అడగాలి. ఎన్ని సభలు పెట్టాం, ఎన్ని కరపత్రాలు పంచాం అన్నది ఖర్చు లెక్క, ఫలితం లెక్క కాదు. బీడీలు చుట్టే అమ్మకు తీరిక ఏ వేళో, రాత్రి షిఫ్టు చేసే మరమగ్గం కార్మికుడు ఎప్పుడు దొరుకుతాడో ఇక్కడి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ రంగంలో అదే పెద్ద పెట్టుబడి.

ఈ పనికి చదువంటారా, డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లో ఉంది.

ఇక జాగ్రత్తలు. పేరులేని సంస్థల ‘సర్టిఫికెట్‌తో గ్యారంటీ జాబ్’ ఆన్‌లైన్ కోర్సులకు డబ్బు కట్టకండి. వాటిలో నేర్పే డ్యాష్‌బోర్డు బొమ్మలు గీయడం నెలలో వస్తుంది. తప్పుడు లెక్కను తప్పని గుర్తించడం స్టాటిస్టిక్స్ చదివితేనే వస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీ ఎంపీహెచ్ కోసం భూమి అమ్మడం అంతకన్నా తప్పు. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగుతుంది. ఆ సంగతి తెలిసే దిగాలి.

నా ఓటు మాత్రం, వీలుంటే, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్‌కు, ఆ తర్వాత ఒకట్రెండేళ్లు సర్వేల్లో ఇన్వెస్టిగేటర్‌గా ఊళ్లు తిరగడానికి. ఎంపీహెచ్ ఆ తర్వాతే. తల్లిదండ్రులారా, లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు మీ అమ్మాయిని ఒక్కసారి అడగండి: నీకు ఏం ఇష్టం అని.