కరెంటు పని నేర్చుకొను యువకులకొక పాఠము



పదవ తరగతి పరీక్ష ముగిసిన పిమ్మట మన పల్లెలలోని తలిదండ్రులు పిల్లవానిని ఏ చదువులో చేర్చవలెనని ఆలోచింతురు. వారిలో అనేకులు, "మావాడు కరెంటు పని నేర్చుకొంటానంటున్నాడండీ, మంచిదేనా?" అని మమ్మును అడుగుచుందురు. మంచిదే. అయితే ఆ పనిని ఎట్లు నేర్చుకొనవలెనను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. ఈ నెల దానినే మనము పాఠముగా తీసికొందము. మొదట మేమెరిగిన యొక సంగతి చెప్పెదము.

1. గడ్డపార నేర్పిన పాఠము

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామములో పెండ్లిపందిరికి దీపములు కట్టిరి. చీకటి పడువేళ న్యూట్రలు తీగ ఎక్కడనో తెగి దీపములన్నియు ఆరిపోయెను. ఆ యూరి యువకుడొకడు, చురుకైనవాడు, ఎవరు పిలిచినను కాదనక వచ్చువాడు, ఒక గడ్డపార తెచ్చి పందిరి వెనుక నేలలో పాతెను. చుట్టును రెండు బిందెల నీళ్లు పోసి, న్యూట్రలుకు బదులుగా తీగను ఆ గడ్డపారకు చుట్టెను. దీపములు కొంచెము మసకగానైనను వెలిగెను. అందరును అతనిని మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి.

తెల్లవారుజామున పొరుగువారి పాడిగేదె పలుపు తెంచుకొని వచ్చి, ఆ తడినేల మీద నిలిచి, గడ్డపారను మూతితో తాకి అక్కడనే కూలిపోయెను. ఆ యింటివారికి ఆ గేదె పాలే జీవనాధారము. రాత్రియంతయు ఆ పందిరి చుట్టు పిల్లలు పరుగులెత్తి ఆడుకొనుచుండిరి. వారిలో ఒక్కరైనను ఆ మూలకు పోయియుండిన యెడల ఏమి జరిగియుండునో తలంచుకొన్నప్పుడెల్ల మాకిప్పటికిని గుండె ఝల్లుమనును.

ఆ యువకుడు చెడ్డవాడు కాడు. అతడు కూలి చేసి గేదె వెలను కొంచెము కొంచెముగా తీర్చెను. మరుసటి యేట ఐ.టి.ఐ.లో చేరెను. చదువు ముగించి వచ్చినప్పుడు మాతో ఒక మాట చెప్పెను: "అయ్యగారూ, అప్పుడు నాకు దీపం వెలిగించడం తెలుసునండి, కరెంటు ఎటు పోతుందో తెలియదండి." మన పాఠమంతయు ఆ మాటలోనే యున్నది. దీపము వెలిగినంత మాత్రమున పని సరిగా జరిగినదని చెప్పరాదు.

2. ఆ రాత్రి జరిగినదేమి?

కరెంటు ఫేజు తీగవెంట వచ్చి, దీపముగుండ పోయి, న్యూట్రలు తీగవెంట ట్రాన్సుఫార్మరునకు తిరిగి చేరవలెను. ఆ దారి తెగిపోగా అది గడ్డపారగుండ నేలలోనికి పోయెను. నేల రాగితీగ వంటిది కాదు. అది కరెంటును చాల అడ్డగించును. అందుచేత గడ్డపార మీదను, దాని చుట్టునున్న తడినేల మీదను ప్రమాదకరమైన వోల్టేజి నిలిచెను. దీపములు మసకగా వెలుగుటయే దానికి గుర్తు. దీపములకు తగ్గిన వోల్టేజి ఎక్కడికిని పోలేదు. అది గడ్డపార మీదనే యుండెను. నేర్చినవాడు ఆ మసక వెలుతురు చూచిన వెంటనే స్విచ్చి కట్టివేసియుండును. నేర్వనివారమైన మనము చప్పట్లు కొట్టితిమి.

3. ఒక చిన్న లెక్క

జర్మనీ దేశపు ఉపాధ్యాయుడైన ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ఈ విద్యకు అక్షరాభ్యాసము వంటిది. వోల్టులను ఓములచేత భాగించిన యెడల ఆంపియర్లు వచ్చును. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. తడిసిన మనుష్య శరీరపు నిరోధమును ఇంచుమించు 1000 ఓములనుకొందము. 230ని 1000చే భాగించగా 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. పాతకాలపు 60 వాట్ల బల్బు తీసికొనునది 0.26 ఆంపియరు. కాబట్టి ఒక చిన్న బల్బుకైనను చాలని కరెంటు మనుష్యుని ప్రాణము తీయగలదు. మనుష్యుల రక్షణకై ఇండ్లలో అమర్చు ఆర్.సి.సి.బి. అను సాధనము, దారి తప్పి జారిపోవు కరెంటు 30 మిల్లీ ఆంపియర్లకు చేరునప్పటికే సరఫరాను తెంచివేయునట్లు చేయబడినది.

"మా యింటిలో ఫ్యూజు ఉన్నది గదా" అని కొందరందురు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు 0.23 ఆంపియరుకు కరుగదు. మనిషి తీగను పట్టుకొని ప్రాణము విడిచినను ఆ ఫ్యూజు చెక్కుచెదరకయే యుండును. ఫ్యూజు తీగలను మంటనుండి కాపాడును. మనుష్యుని కాపాడుటకు మంచి ఎర్తును, ఆర్.సి.సి.బి.యు వేరుగా నుండవలెను. ఈ భేదము తెలియని చేతులలో మన యిల్లు పెట్టవచ్చునా?

4. రెండేండ్ల శిక్షణ

భారత ప్రభుత్వము 1950లో వృత్తి పనివారి శిక్షణ పథకమును ప్రారంభించెను. నేటి ఐ.టి.ఐ.లు ఆ పథకము క్రిందనే నడచుచున్నవి. అందు ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండు సంవత్సరముల చదువు. సామాన్యశాస్త్రము, గణితము చదివి పదవ తరగతిలో ఉత్తీర్ణులై, పదునాలుగేండ్లు నిండినవారు చేరవచ్చును. బాలికలును చేరవచ్చును, చేయి నిలకడగాను, మనస్సు జాగ్రత్తగాను ఉండవలసిన యీ పనికి వారు తక్కువవారు కారు.

మొదటి దినములలో కరెంటు ముట్టనియ్యరు. ప్రమాదము సంభవించినప్పుడు ఏమి చేయవలెను, నిప్పంటుకొన్నచో ఎట్లు ఆర్పవలెను, కొయ్యబారినవానికి శ్వాస ఎట్లు ఇవ్వవలెను అను సంగతులు నేర్పుదురు. ఆకురాయి పట్టుట, తీగల జాయింట్లు వేయుట, సోల్డరు చేయుట మాటిమాటికి చేయింతురు. పిమ్మట ఇంటి వైరింగు, ఎర్తు, బ్యాటరీలు, మీటర్లు, ట్రాన్సుఫార్మర్లు వచ్చును. రెండవ యేట మోటార్లు, వాటి వైండింగు, స్టార్టర్లు, కంట్రోలు ప్యానెళ్లు, సూర్యరశ్మితో కరెంటు పుట్టించు సోలారు పలకలు నేర్తురు. వీటితోపాటు లెక్కలును, డ్రాయింగును ఉండును. "పనివానికి లెక్కలెందుకు?" అను పిల్లవానికి పై గేదె సంగతి చెప్పుడు.

అఖిల భారత ట్రేడు పరీక్షలో నెగ్గినవారికి జాతీయ ట్రేడు సర్టిఫికెట్టు లభించును. తరువాత 1961 నాటి అప్రెంటీసు చట్టము క్రింద ఒక కర్మాగారములోగాని, విద్యుత్ సంస్థలోగాని స్టైపెండు పుచ్చుకొనుచు పని నేర్వవచ్చును. ఇతర దేశములలోను మార్గమిట్టిదే. అమెరికాలో అనేకులు నాలుగైదేండ్లు అప్రెంటీసులుగా జీతమునకు పనిచేయుచు, పాఠములకై కమ్యూనిటీ కళాశాలకు పోవుదురు. చేతిపని, చదువు రెండును కలిసిననే ఎలక్ట్రీషియన్ తయారగునని అక్కడను ఎరిగియున్నారు.

తలిదండ్రులకొక హెచ్చరిక. ప్రయివేటు సంస్థలో చేర్చునప్పుడు ఆ సంస్థకును, ఆ ట్రేడుకును ప్రభుత్వపు గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా విచారించుడి. వర్కుషాపును మీ కన్నులతో చూడుడి. అచ్చట మోటార్లమీద దుమ్ము పేరుకొనియుండి, పిల్లల చేతులు శుభ్రముగా నుండిన యెడల, అది సర్టిఫికెట్టు దొరకు చోటే గాని పని నేర్పు చోటు కాదని గ్రహించుడి.

5. మట్టిలో దాగియుండు పని

ఈ విద్యలో మనిషి మనస్సును బయలుపరచు పని ఒకటి గలదు. అది ఎర్తు వేయుట. మోటారులోపల తీగ పైపూత చెడినప్పుడు దాని ఇనుప ఒడలంతయు కరెంటెక్కును. మంచి ఎర్తు ఉన్న యెడల కరెంటుకు సుళువైన దారి దొరకి, ఒక్కసారిగా మిక్కుటముగా పారి, ఫ్యూజు కరుగును. ఎర్తు లేని యెడల ఆ మోటారు పనిచేయుచునే, దానిని ముట్టువానికొరకు కాచుకొనియుండును. పొలములో తడికాళ్లతో స్టార్టరు దగ్గరకు పోవు రైతు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

ఎర్తుకు గోతిలో రెండున్నర మీటర్ల గాల్వనైజు ఇనుప గొట్టము పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయు పద్ధతి గలదు. ఎండకాలములో నీళ్లు పోయుచు తేమ ఆరకుండ చూడవలెను. ఈ గోతిని పూడ్చిన పిమ్మట లోపల గొట్టమున్నదో, గజము చువ్వ ఉన్నదో ఎవరికిని కనబడదు. అదియు గాక, ఎర్తు లేకున్నను దీపములు అంతే వెలుగును, ఫంకాలు అంతే తిరుగును. తప్పు బయలుపడునది ఆపద దినముననే. అప్పటికి డబ్బు పుచ్చుకొన్నవాడు ఎక్కడనో యుండును.

ఇంటి యజమాని, "ఎర్తు ఎందుకయ్యా, ఖర్చు దండుగ!" అనును. ఆ మాటకు తల యూపుట సులభము. కూలి తగ్గదు, పేరు చెడదు. అప్పుడు "ఎర్తు లేకుండ నేను కనెక్షను ఇవ్వనండి" అని మర్యాదగా చెప్పి సంచి సర్దుకొనగలవాడే నిజముగా శిక్షణ పొందినవాడు. అతడు ఆ దినపు కూలిని పోగొట్టుకొనవచ్చును. ఆ యింటి బిడ్డ మాత్రము బ్రదుకును. మనుష్యులు చూడనిచోట నమ్మకముగా నుండుమని మన పిల్లలకు చిన్ననాటనుండి బోధించుచున్నాము గదా. ఆ బోధ పనికివచ్చు చోటు ఇదియే.

6. కమ్మరి కుమారుడు

కరెంటు పని తక్కువ పనియని తలంచువారు మైకేల్ ఫారడే సంగతి వినవలెను. అతడు 1791లో ఇంగ్లాండులో ఒక కమ్మరికి పుట్టెను. చదువు కొద్దిగానే అబ్బెను. పదునాలుగవ యేట పుస్తకములు బైండు చేయువానియొద్ద ఏడేండ్లకు అప్రెంటీసుగా కుదిరి, తాను కుట్టు పుస్తకములనే చదివి విద్యుత్తును గూర్చి నేర్చుకొనెను. 1813లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా చేరెను. అయస్కాంతము కదలికచేత తీగలో కరెంటు పుట్టునని 1831లో కనుగొనెను. నేడు మన పల్లెకు కరెంటు పంపు జనరేటరును, ఊరి చివరి ట్రాన్సుఫార్మరును ఆ నియమము వలననే పనిచేయుచున్నవి. ఆయన జీవితాంతము ఒక చిన్న క్రైస్తవ సంఘములో సభ్యుడుగా నుండి, అందు పెద్దగాను సేవ చేసెను.

7. అందరును ఎరుగవలసిన కట్టడలు

పని మొదలుపెట్టకమునుపు మెయిను స్విచ్చి కట్టివేసి, ఫ్యూజు ఊడదీసి జేబులో వేసికొనవలెను. జేబులోని ఫ్యూజును మరియొకడు పెట్టలేడు గదా. టెస్టరును మొదట కరెంటున్న చోట పరీక్షించి, అది పనిచేయుచున్నదని నిశ్చయించుకొన్న తరువాతనే మన తీగకు తాకించి చూడవలెను. చెడిన టెస్టరు వెలుగనందున కరెంటు లేదని నమ్మి చేయి పెట్టుట మహాప్రమాదము.

ఇంటిలో ఎవరైన కరెంటు తగిలి అంటుకొనిపోయిన యెడల వారిని చేతులతో లాగరాదు. మొదట స్విచ్చి కట్టవలెను. వీలుకానిచో ఎండిన కఱ్ఱతో తీగను తొలగించవలెను. వీధిలోగాని పొలములోగాని స్తంభపు తీగ తెగిపడియున్నచో కఱ్ఱతోనైనను సమీపింపరాదు. దూరముగా నిలిచి, ఇతరులను ఆపి, విద్యుత్ శాఖవారి 1912 నంబరుకు ఫోను చేయవలెను.

ఆ పెండ్లిపందిరి యువకుడు ఇప్పుడు చుట్టుపట్ల గ్రామములలో నమ్మకమైన పనివాడు. అతడు ఏ యింటికి పోయినను మొదట దీపమును చూడడు; పెరటిలోనికి పోయి ఎర్తు గొయ్యి ఎక్కడని అడుగును. మన యువకులును అట్టివారగుదురు గాక.

యువజన కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడ్డపారతో వెలిగిన దీపములు మసకగా నుండుటకు కారణమేమి?
2. ఫ్యూజు కాపాడునది దేనిని? మనుష్యుని కాపాడునవి ఏవి?
3. మన ప్రార్థనా మందిరములో ఎర్తు గొయ్యి ఎక్కడ నున్నది? దానికి కడసారి నీళ్లు పోసినదెవరు?
4. మనము చేయు పనిలో ఇతరులకు కనబడని భాగమేది? దానిని ఎట్లు చేయుచున్నాము?